కెంపులో గీత

"ముందే కళ్లు తుడుచుకుంటే ఎలాగమ్మా? నేనింకా చూడనేలేదు" అన్నాడు సూర్యప్రకాష్.

సన్యాసమ్మ కొంగు దించింది. టెక్కలి కాలేజీలో ఏళ్ల తరబడి రాళ్ల పాఠం చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఇంటి ముందు గదిలో మైక్రోస్కోపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఎవరికి ఉంగరం మీద అనుమానం వచ్చినా ఆయన దగ్గరికే వస్తారు. రాయి అసలుది కాదంటే, అదేదో ఆయనే మార్చేసినట్టు గొణుక్కుంటూ పోతారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తర్వాత నా మీద పడకూడదు."

"పడం సార్. నిజం సెప్పండి, సాలు" అన్నాడు యువరాజు. అతను ఆమె మరిది. పొద్దున్నే మంచినీళ్లపేటలో బయల్దేరి, పలాసలో బస్సు మారి, దారంతా ఒకటే పాట పాడాడు. రాయి అసలుదైతే అమ్మి సొంత బోటు కొనుక్కోవచ్చు, ఇక చేపల వేటకని గుజరాత్ పోనక్కర్లేదు. సన్యాసమ్మ కొంగు ముడి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

కొంగు ముడి విప్పి రాయిని బల్ల మీద పెట్టింది. దానిమ్మ గింజ రంగు.

"ఎక్కడిదిది?"

"మా ఆయన సొక్కా జేబులో దొరికినాది."

మిగతాది యువరాజు చెప్పాడు. అన్న ఢిల్లేశ్వరరావు కూడా వేటకనే గుజరాత్ వెళ్లి, అక్కడే గుండె ఆగి పోయాడు. వీళ్లు రైలెక్కేలోపే అక్కడ దహనం కూడా అయిపోయింది. సామాను సంచి ఒక్కటీ రైలు పార్సిల్లో పలాస వచ్చింది.

"బోటు సేటు మంచోడు సార్. మా వొదిన గతి సూసి మంచి రాయే కొని జేబులో పెట్టుంటాడు."

"ఏమో, సేటే పెట్టినాడేమో" అంది సన్యాసమ్మ నేల చూస్తూ.

రెండేళ్లుగా ఆ రాయి ఆమె కొంగునే ఉంది. టెక్కలి రావాలంటే భయం. పిల్లల్లేరు. పెళ్లి ఫోటో తిత్లీ తుపానులో తడిసి, మొగుడి ముఖమే చెరిగిపోయింది. ఆయనదంటూ మిగిలింది ఈ రాయి ఒక్కటే. తాననుకున్నది కాదని తేలితే ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

సూర్యప్రకాష్ మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఊరికే కూర్చోవడం యువరాజుకు చేతకాదు.

"మా అన్న సోకు మీరు సూడలేదు సార్. ఆకరిసారి ఇంటికొచ్చినప్పుడు గదిలో కూడా నల్లద్దాలే. హీరో అనీవోళ్లం."

"కళ్లు మండీవి బాబూ ఆయనకి" అంది సన్యాసమ్మ.

"బోటు మీద ఎండ అలాటిది మరి. అదృష్టం మాత్రం అన్నదే. నేను ఏటకెల్తే నెల్లాళ్లు ఫోనుకి సిగ్నలుండదు. ఆయనకైతే వొదిన ఎప్పుడు సేసినా తగిలీది. 'పనిలో ఉన్నానే' అంటానే గంట మాటాడీవోడు."

సన్యాసమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"కెంపే" అన్నాడు సూర్యప్రకాష్.

యువరాజు లేచి నిలబడ్డాడు. "సూసినావా వొదినా?"

"కూర్చోవయ్యా. భూమిలో పుట్టినా, కంపెనీలో పెంచినా కెంపు కెంపే. లోపల అణువులు కూర్చునే వరస కూడా ఒకటే. తేడా గీతల్లో తెలుస్తుంది. భూమిలోదైతే గీతలు తిన్నగా ఉంటాయి."

"ఇందల?" అంది సన్యాసమ్మ బల్ల మీదికి వంగి.

ఆయన మరోసారి చూశాడు. ఇలాంటప్పుడే ఆయనకు ఈ పనంటే విసుగు.

"వంకరగా ఉన్నాయమ్మా. ఇది పెంచిన రాయి."

"కాయమేనా సార్? భూమిలోది కాదా?"

"కాదు."

"ఇంకోసారి సూడండి బాబూ."

"ఎన్నిసార్లు చూసినా అంతే. మంటలో పొడి కరిగి కింద ఊచ మీద పడుతూ ఉంటుంది. మనిషి నల్లద్దాలు పెట్టుకుని పక్కనే కూర్చుని, ఊచని మెల్లగా దించుతూ ఉండాలి. పొర మీద పొర పేరుకుంటుంది. ఆ పొరలే ఈ గీతలు." ఆయన మళ్లీ మైక్రోస్కోపులోకి చూశాడు. "పైగా ఇది కంపెనీ అమ్మే సరుకు కూడా కాదు. మధ్యలో ఒక గీత మందంగా ఉంది. పనివాడు చెయ్యి ఆపాడు. ఫోనేదో వచ్చుంటుంది. ఇలాంటివి పక్కన పడేస్తారు."

సన్యాసమ్మ భోరుమంది. సూర్యప్రకాష్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఊరుకోమ్మా. రాయి పోతే పోయింది."

ఆమె నీళ్లు తాగలేదు. "ఆ గీత నాకోపాలి సూపిత్తారా?" అంది.

చూపించాడు. అల వెనక్కి పోయాక ఇసుకలో మిగిలే చారల్లా ఉన్నాయి గీతలు. వాటి నడుమ ఒకటి లావుగా, ఎవరో అక్కడ కాసేపు కూర్చుని లేచినట్టు ఉంది. మెడ నొప్పెట్టేదాకా ఆమె కన్ను తియ్యలేదు.

బస్టాండులో యువరాజు కోపం పట్టలేకపోయాడు. బోటు పోయిన బాధ కూడా అందులో ఉంది. సన్యాసమ్మ రాయిని కొంగున పెట్టి ఒక ముడి వేసి, దాని మీద ఇంకో ముడి బిగించింది.

"దానికి రెండు ముడులేటి వొదినా? ఎవుడో ఫోన్ల కబుర్లాడుకుంటా పాడుసేసిన రాయి. ఇసిరి పారీ."

ఆమె ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఆ ఫోను సేసింది నేనే బాబూ."