కాగితం మీది భార్య

తలుపు తెరుచుకోగానే రుసానాకు ముందుగా తన మొగుడి ఇంటిచెప్పులు కనిపించాయి. పరాయి ఆడదాని చెప్పుల పక్కన.

"ఎవరు కావాలండీ?"

"నా మొగుడు."

నివాసపు ముద్ర లేనివాడికి సోఫియా నగరంలో ఉద్యోగం లేదు. నగరం మనిషిని పెళ్ళాడితే ముద్ర పడుతుంది; ఆ పెళ్ళి కొన్నేళ్ళ గడువుదాకా నిలిస్తే అది ఖాయమవుతుంది. అందుకని పల్లెల్లో ఆలుమగలు కాగితం మీద విడిపోయేవారు. గడువు తీరాక మళ్ళీ కలిసేవారు. స్తోయిల్ కూడా రుసానాను విడిచి వెస్కాను అలాగే చేసుకున్నాడు.

"ఆ చెప్పులు తనిఖీవాళ్ళ కోసం. ఆయన ఉండేది ఫ్యాక్టరీ హాస్టల్లో," అంది వెస్కా. "లోపలికి రా అక్కా, కాఫీ తాగుదువు."

"అక్కా అనకు."

వెస్కా గోళ్ళకు లేత రంగు. రుసానా పొగాకు గుచ్చి నల్లబడ్డ వేళ్ళను కోటు జేబుల్లో దాచుకుంది.

"అందరూ డబ్బు పుచ్చుకునే ఈ కాగితం పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. నువ్వెందుకు వద్దన్నావు?"

"తీసుకోబుద్ధి కాలేదు."

"డబ్బు వద్దన్నదానివి ఇంకేం కావాలనుకున్నావో నాకు తెలీదా? వాణ్ణి వదిలెయ్."

"ఇప్పుడు విడిపోతే ఆయన ముద్ర పోతుంది. కొన్నాళ్ళు ఆగు."

"ఆగితే నీకు బాగానే ఉంటుంది!"

వెస్కా ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"తప్పు భార్యదైతే ముద్ర పోదు. నాకు వేరే మగాడున్నాడని కోర్టులో చెబుతాను."

"ఉన్నాడా?"

"లేడు."

అన్నట్టే చెప్పింది. కోర్టులో అందరూ నవ్వారు. వెనక బెంచీలో కూర్చుని రుసానా కూడా నవ్వింది.

స్తోయిల్‌ను మళ్ళీ పెళ్ళాడి రుసానా నగరానికి వచ్చేసింది. అయినా అతను ఊరికే కిటికీలోంచి చూస్తుంటే, 'దాన్నే తలచుకుంటున్నాడు' అనిపించేది. ఆ మగాడు నిజంగా ఉన్నాడని తేలితే తప్ప మనసు నిలబడేలా లేదు.

ఒకరోజు వెతుక్కుంటూ వెళ్ళింది. వెస్కా గదికి తాళం వేసి ఉంది.

"వెళ్ళిపోయింది," అంది పక్కగది ముసలావిడ. "కోర్టు సంగతి బడిదాకా పాకింది. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి ఇలాగా అని తీసేశారు."

రుసానా గొంతు తగ్గించింది. "ఆ మగాడితోనే వెళ్ళిందా?"

"మగాడెక్కడే పిచ్చిదానా! అదీ పల్లెటూరిదే, కాగితం పెళ్ళితోనే ఇక్కడికొచ్చింది. ఊళ్ళో దాని అసలు మొగుడు అనుమానంతో గడువుదాకా ఆగలేక ఇంకోదాన్ని కట్టుకున్నాడు."