ఆరో సంతకం

"ఐదు సంతకాలు పడ్డాయి మైము గారూ. ఎండెల్ గారిదొక్కటే మిగిలింది. పదింటికి ఫైలు దానంతటదే మూసుకుపోతుంది," అంది పిరెత్ ఫోనులో.

మైము గోడ గడియారం చూసింది. తొమ్మిదీ ఇరవై ఐదు.

"ఒక్కసారి ఆయనకివ్వండి."

"పడుకున్నాడు."

"ఈ వేళప్పుడా? జ్వరమా?"

"చెయ్యి పట్టుకుని చూశాను. జ్వరం లేదు. నేను చూసుకుంటాలే."

పిరెత్, మైము భర్త ఎండెల్ పనిచేసే పర్యావరణ కార్యాలయంలో అతని పై అధికారి. వయసులో అతనికి కూతురిలాంటిది. కుర్గ్‌సూ చిత్తడినేలను ఎవరూ తవ్వకుండా కాపాడే ప్రణాళిక మీద ఆరుగురు నిపుణులు సంతకం చెయ్యాలి. కాగితమూ లేదు, కలమూ లేదు. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళు కూర్చుని, గుర్తింపు కార్డు దూర్చి, తమ ఐదంకెల రహస్య సంఖ్య నొక్కడమే. ఇప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. ఈసారి ఒక్క సంతకం తగ్గినా, నల్లమట్టి తవ్వి అమ్ముకునే కంపెనీకి మధ్యాహ్నానికల్లా అనుమతి వెళ్ళిపోతుంది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," పిరెత్ గొంతు తగ్గించింది. "కంపెనీవాళ్ళు పోయిన వారం మీ ఇంటికొచ్చారట. రిటైరయ్యాక సలహాదారుగా పెట్టుకుంటామన్నారట. ఆయన మనసు గానీ మారిందా?"

మైముకి ఒళ్ళు మండింది.

"వచ్చారు. కేకు కూడా తెచ్చారు. ఆ కేకు మా కుక్కకి పెట్టాడు. సంతకం పడుతుంది, నువ్వు ఫోను పెట్టేయ్."

"ఆ అరుపులేంటి, బెగ్గురు కొంగల్లా ఉన్నాయి? అప్పుడే వచ్చేశాయా?"

"పొద్దున్నే వచ్చాయి. పడగ్గది కిటికీ తెరిచిపెట్టాను."

"ఈ చలిలోనా?"

మైము ఫోను పెట్టేసి పడగ్గదిలోకి వెళ్ళింది. ఎండెల్ గోడవైపు తిరిగి ఉన్నాడు. ఏడింటికి ఆమె తెచ్చిన కాఫీ స్టూలు మీద మీగడ కట్టి అలాగే ఉంది.

"విన్నావా? అమ్ముడుపోయావంటున్నారు నిన్ను," అంది. "పాతికేళ్ళు ఆ బురదలో పడి తిరిగావు. నీ బూట్లు కడిగీ కడిగీ నా నడుం విరిగింది. పొద్దున్న లేవగానే మొదటి పని అదే అన్నావు నిన్న. ఇదేనా లేవడం?"

ఎండెల్ పలకలేదు. ఆమె గొంతు పెంచినప్పుడల్లా అతను నోరు మెదపకపోవడం పాతికేళ్ళ అలవాటు. ఆ అలవాటు మీద ఆమెకెప్పుడూ కోపమే, ఇవాళ మరీను. దుప్పటి అతని భుజం మీదికి లాగి, "సరే, నీ పని నేనే చేస్తాను," అంది.

కంప్యూటర్ అతను వదిలినట్టే తెరిచి ఉంది. కార్డు కూడా అందులోనే ఉంది. తెర మీద ఐదు పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన సంతకం పడ్డ గంట, నిమిషం, సెకను. ఆరో వరస ఖాళీ.

మైము కుర్చీలో కూర్చుందే గానీ చెయ్యి ముందుకు రాలేదు. ముప్ఫై ఏళ్ళు ఊరి పోస్టాఫీసు నడిపిన మనిషి ఆమె. భార్యకొచ్చిన రిజిస్టరు ఉత్తరం ఏనాడూ భర్త చేతికివ్వలేదు. ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలని ఊళ్ళో సగంమందిని మంచులో వెనక్కి నడిపించింది. ఇప్పుడు తను చేయబోయేది నేరమని ఆమెకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

పెళ్ళిరోజు తేదీ ఐదంకెల్లోకి కుదించి నొక్కింది. తప్పు. ఇంకా రెండు అవకాశాలు.

"నీ మొహం మండా," అంది గోడ అవతలికి వినబడేలా.

కుక్క పుట్టినరోజు నొక్కింది. అదీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే కార్డు లాక్ అయిపోతుంది. ఫోను మళ్ళీ మోగింది.

"మైము గారూ, ఎనిమిది నిమిషాలే ఉంది. నేనే కారేసుకుని రానా?"

"నువ్వొచ్చేసరికి పదిన్నరవుతుంది. నన్ను ఆలోచించుకోనీ."

ఆలోచించింది. పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ ఎండెల్‌కి ఏ ఏడూ గుర్తులేవు. గుర్తున్నదల్లా చోట్లే. ఏ గుంట పక్కన ఏ పిట్ట గూడు పెట్టిందో నిద్రలో అడిగినా చెప్పేవాడు. ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ప్రతి సోమవారం సీసాల్లో బురద నింపి, ప్రయోగశాలకి పంపడానికి ఆమె కౌంటరు దగ్గరికి తెచ్చేవాడు. ఏడాదంతా అట్టపెట్టె మీద పంపేవారి చిరునామా తప్పుల్లేకుండా రాసి, ఏడాది చివర పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు.

ఆ పోస్టాఫీసు మూతపడి పదకొండేళ్ళయింది. ఆ దేశంలో అన్ని ఊళ్ళలాగే దాని పిన్‌కోడూ ఐదంకెలే.

ఒక్కొక్క అంకే చూసుకుని నొక్కింది. తెర ఒక్క క్షణం ఆగి, ఆరో వరసలో ఎండెల్ పేరు చూపించింది. తొమ్మిది, యాభై ఆరు, నలభై సెకన్లు. తానే మరచిపోయిన ఆ కౌంటరుని అతను ఇన్నేళ్ళూ ప్రతి సంతకంలోనూ తలుచుకుంటూ వచ్చాడని తెలిసి మైముకి ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకునేలోగా ఫోను మోగింది.

"పడింది! కుర్గ్‌సూ నిలబడింది మైము గారూ. ఆయన గురించి తప్పుగా అనుకున్నాను. సాయంత్రం వచ్చి క్షమాపణ అడుగుతాను."

"రా. ఆఫీసులో అందరినీ తీసుకురా."

పడగ్గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "పడిందయ్యా. నీ పేరే. బాగానే దాచావు నా దగ్గర," అని అతని జుట్టు సవరించింది. బయట కొంగలు ఇంకా అరుస్తున్నాయి. గోడ గడియారం పది కొట్టింది. ఇంకో పది నిమిషాలు అలాగే కూర్చుని, అప్పుడు లేచి, పొద్దున్న ఏడింటికే నొక్కాల్సిన అత్యవసర నంబరు 112 నొక్కింది.

"చెప్పండి, ఏం జరిగింది?" అంది అవతలి గొంతు.

"మా ఆయన పోయాడండీ," అంది మైము, "పది దాటాక."