ఉడుకు తెలిసిన చెయ్యి

"అబ్బా! మెల్లగ గుచ్చు సారూ, అది చెయ్యా మరేమన్ననా!"

ముత్తవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. డాక్టర్ అఖిలేష్ తన చేతిలోని సూదివైపు అనుమానంగా చూశాడు. ఈమెకు నొప్పి తెలియకూడదే! వేడినీళ్ల సీసా తెచ్చి అదే చేతికి ఆనించాడు.

"ఉడుకు తెలుస్తుందా అవ్వా?"

"తెల్వదా మరి? నువ్వు పెట్టుకొని సూడు, నీకే ఎర్కయితది!"

అఖిలేష్‌కు ఏమీ పాలుపోలేదు. ఎదురుగా ముత్తవ్వ మెడ స్కానింగ్ వెలుగుతోంది. వెన్నుపాము నడిమధ్యలో చింతగింజంత గడ్డ. డాక్టరు జీవితంలో ఒకటో రెండో కనబడే రకం. అది అక్కడ ఉంటే చేతికి నొప్పీ వేడీ తెలియవు. మెడనొప్పి అంటూ జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఈమెకేమో అన్నీ తెలుస్తున్నాయి, మాటకు మాట అప్పజెప్పడంతో సహా.

రేపు పొద్దున్నే ఆపరేషన్. మెడ ఎముక తెరిచి, వెన్నుపామును చీల్చి గడ్డ తీయాలి. వెంట్రుకవాసి చెయ్యి జారితే ముత్తవ్వ జన్మంతా మంచానికే. ఆ గడ్డను కళ్లారా చూడాలని నిన్నటినుంచి ఉవ్విళ్లూరుతున్న అఖిలేష్‌కు ఇప్పుడు భయం వేసింది.

"స్కానింగ్ మిషిన్‌ల సప్పుడుకు భయపడ్డవా అవ్వా?"

"ఏం సప్పుడు సారూ?"

అఖిలేష్ ఉలిక్కిపడ్డాడు. అందులో పడుకున్నవాళ్లు సొంత పేరైనా మరుస్తారు గాని ఆ దడదడ మరవరు.

అంతలో ముత్తవ్వ తోడికోడలు భూమవ్వ చాయ్ తెచ్చింది. స్టీలు గ్లాసు పొగలు కక్కుతోంది. అందుకోబోయిన ముత్తవ్వ "అమ్మో!" అంటూ కొంగు అడ్డం పెట్టుకుంది. భూమవ్వ మాత్రం గ్లాసును ఒట్టి చేత్తో నింపాదిగా పట్టుకుని నిలబడింది.

అఖిలేష్ గ్లాసు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తిప్పి చూశాడు. అరచేతి నిండా కాలిన మచ్చలు.

"ఇవెప్పుడు కాలినయి?"

"పసుపు ఉడకవెట్టిన కాడ కాలినయేమో సారూ. నాకు ఎర్కనే లేదు."

అఖిలేష్ ముత్తవ్వ వైపు తిరిగాడు.

"నిజం చెప్పు అవ్వా. మిషిన్‌ల పండుకున్నదెవరు?"

ముత్తవ్వ తల దించుకుని, మెడలోని పుస్తెలను గుప్పిట్లో పట్టుకుంది.

"ఇవి తీస్తెనే లోపటికి తోలుతమన్నరు సారూ. మొగడు బతికుండంగ ఎట్ల తీస్త? భూమవ్వ మెడల తీసేటందుకు ఏం లేకపాయె, నా పేరు చెప్పి పండుకొమ్మన్న."