అవతలి పాటదారు

లోహిత పదకొండు వేలకు పాడింది. ఆమె వేలు ఫోను మీదనుంచి లేవకముందే అవతలి పాటదారు పదకొండు వేల ఐదువందలకు పెంచాడు.

"మళ్లీ ఎక్కించినాడమ్మా."

భారతమ్మ గోడకు ఆనుకొని కూర్చున్నది. ఎదురుగా, భర్త చెంగయ్యను కడపటిసారి పడుకోబెట్టిన చోట, నూనెదీపం వెలుగుతున్నది. దాని మీదనుంచి చూపు తిప్పకుండానే, "నువ్వూ ఎక్కించు" అన్నది కూతురితో.

ఆన్‌లైనులో వేలానికి వచ్చినది ఒక అట్టపెట్టె. పాకాల దారిలో ఒకప్పుడు తిరిగిన మీటరుగేజి ఆవిరి ఇంజను వంటిదే ఒకటి, అరచేతిలో ఇమిడే ప్రమాణంలో, విడిభాగాలుగా అందులో ఉన్నది. సీలు ఇంకా విప్పలేదు. ఇటువంటి పెట్టెలు కొని, ముక్కలు అతికి, రంగులు వేసి, విమానాలుగా ఓడలుగా నిలబెట్టటం చెంగయ్యకు వ్యసనం. ఈ ఇంజనును మాత్రం ఆయన ఫోనులో చూసి నిట్టూర్చి మూసేసేవాడు. అటకంతా నిండిపోయిందనీ, ఇంకొక్క పెట్టె గడప దాటరాదనీ, అలిపిరిలో శ్రీవారి పాదాల ముందు భారతమ్మ ఆయనచేత ఒట్టు వేయించుకున్నది.

ఆ ఒట్టే ఇప్పుడు ఆమెను కాలుస్తున్నది. నిన్న చిన్నకర్మలో పిండాన్ని కాకి ముట్టలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అందరూ నిలబడ్డారు. కాకులు ప్రహరీ మీద వాలాయి, చూశాయి, లేచిపోయాయి. పోయినవారికి తీరని కోరిక ఏదో మిగిలినట్లున్నదని పురోహితుడు మెల్లగా అన్నాడు. అది ఏ కోరికో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. పెద్దకర్మనాడు పిండం పక్కన ఆ ఇంజను ఉండి తీరాలని భారతమ్మ అక్కడే నిశ్చయించుకున్నది. అమ్మేవాడు మద్రాసువాడు. పది రోజులుగా నడుస్తున్న పాట ఈ సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. గెలిస్తే బస్సు పార్సిలులో పెద్దకర్మకు ముందే చేరుతుంది.

లోహిత పదమూడు వేలు అన్నది. ఆ క్షణమే పదమూడున్నర కనిపించింది. పాటదారుల పేర్లను ఆ సైటు బయటపెట్టదు. అంకె మాత్రమే మారుతుంది.

"కూడూ నీళ్లూ మాని దీన్నే పట్టుకోని కూర్చున్నట్టుండాడే, పాపాత్ముడు" అన్నది భారతమ్మ.

ఆమె తమ్ముడు ఢిల్లీబాబు ఛార్జరు పట్టుకొని లోపలికి వచ్చాడు. పెద్దకర్మకు పెద్దది చేయించి పటం కట్టించవలసిన ఫొటో చెంగయ్య ఫోనులోనే ఉన్నది. ఆసుపత్రివాళ్లు బట్టలతోపాటు సంచిలో వేసి ఇచ్చిన నాటినుంచి అది ఆరిపోయే ఉన్నది. దాన్ని దీపం వెనకనున్న ప్లగ్గులో పెట్టి, మేనకోడలి భుజం మీదుగా తొంగిచూశాడు.

"వాడు కూర్చోనుండడు లేక్కా. నేను ఇంతవరకూ ఇస్తానని ముందే రాసి పెట్టేసుంటాడు. మనం ఎక్కించినప్పుడంతా మిషినే వాని తరఫున పాడతాది. వాడు యాడో హాయిగా పండుకోనుంటాడు."

"అట్లయితే వాడు రాసింది దాటు మే" అన్నది భారతమ్మ కూతురితో.

లోహిత తటపటాయించింది. "ఇది నాయన దినానికి ఎత్తిపెట్టిన దుడ్డు గదమ్మా."

"కాకి ముట్టకపోతే ఆ అన్నాలు ఎవురికి పెట్టేది?"

లోహిత పాట పెంచుతూ పోయింది. పదహారు. పద్దెనిమిది. ప్రతి అంకె మీదా అవతలివాడి ఐదువందలు తడుముకోకుండా వచ్చి కూర్చున్నది. నడుమ ఒకసారి ఆమెకు ఒక సంగతి స్ఫురించింది. తాము కదలకుండా ఉంటే ఆ అపరిచితునికి ఈ పెట్టె తొమ్మిది వేలకే దక్కేది. తమకు లాభం లేకుండా అతనికి నష్టం చేస్తున్నారు. అయినా ఇరవై వేలు అన్నది. ఇంట్లో ఉన్నది అంతే.

ఇరవై వేల ఐదువందలు.

ఆమె ఫోనును నేల మీద బోర్లించింది. వీథిలో ఆటో ఒకటి ఆగి, మనుషులను దించి, వెళ్లిపోయింది. ఆరు దాటింది.

"అయిపోయిందమ్మా."

భారతమ్మ దీపం మీదనుంచి చూపు తిప్పి ఆ బోర్లించిన ఫోనును చూసింది. పెళ్లయిననాటినుంచి ఆమె నోట ఒక శాపనార్థం విన్నవారు లేరు.

"సచ్చిపోయినోని నోటికాడిది లాక్కున్నాడు. వాని పాడె గట్ట" అన్నది.

"దీపం ముందర ఆ మాటొద్దుక్కా" అన్నాడు ఢిల్లీబాబు.

ఏదో ఒకటి చేయాలన్నట్లుగా లేచి, బావ ఫోను ఎంత ఎక్కిందో చూసి, మీట నొక్కాడు. అది వెలిగి, కాస్త ఆగి, వరుసగా మోగింది. పరామర్శలేమో అనుకొని తెర మీద పైనున్నదాన్ని చదివాడు. మరొకసారి చదివాడు. అక్క వైపు చూడలేక మేనకోడలి చేతిలో పెట్టాడు.

లోహిత పైకి చదివింది: "అభినందనలు, చెంగయ్య గారూ. ఇరవై వేల ఐదువందలకు ఆవిరి ఇంజను మీరే గెలుచుకున్నారు."