జోలపాటకు ఒక వేలు

యోగానంద్ కొత్తగా కొన్న ఫేడర్ మొండికేసింది.

అరచేతి వెడల్పు పెట్టె. దాని మీద పైకీ కిందికీ జరిగే మీట ఒక్కటే. లోపల చిన్న మోటారు.

పాటలో గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఒకసారి వేలితో జరిపితే కంప్యూటర్ గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ పాట పెట్టినప్పుడు మీట తనంతట తనే కదలాలి.

కదలడం లేదు.

అతని భార్య వీణ ఒక జోలపాట పాడి రికార్డు చేసింది. ఆదివారం కాకినాడలో చెల్లెలి పాపకు బారసాల. తాముంటున్న స్కోఫీల్డ్స్ నుంచి అంత దూరం వెళ్లడానికి సెలవు దొరకలేదు. పాటైనా వెళ్లాలని ఆమె ఆశ.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆమె పాడడం ఇదే మొదటిసారి. ప్రతి పాదం చివరా గొంతు సన్నబడి తంబూరా శ్రుతిలో మునిగిపోతోంది. మౌస్‌తో సరిచేస్తే అతుకులు వేసినట్టు వినిపించింది.

"లీవిట్ యోగా. డిలీట్ చేసెయ్. ఇక నా గొంతింతే," అంది వీణ.

"ఒక్కరోజు ఆగు."

పాటలంటే ఇష్టమున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో సాయం అడిగాడు. వెంటనే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"నా పేరు ఉమామహేశ్వరరావు. మెల్‌బోర్న్‌లో, క్రాన్‌బర్న్‌లో ఉంటాను. నా దగ్గర అదే ఫేడర్ ఉంది. ఫోన్ చెయ్యి బాబూ."

ఆ రోజు ఇంటి నుంచే ఆఫీసు పని. యోగానంద్ లంచ్ బ్రేక్‌లో ఫోన్ చేశాడు.

"సెట్టింగ్స్ ఫోటో పంపాను అంకుల్, చూశారా?"

"ఫోటో వద్దు బాబూ. ఏముందో చదివి చెప్పు."

"మొత్తం స్క్రీన్ అందులోనే ఉందంకుల్. ఒక్కసారి చూస్తే టూ మినిట్స్‌లో అయిపోతుంది. నాకు మీటింగ్ ఉంది."

"సారీ బాబూ. చదువు, వింటాను."

యోగానంద్ విసుగ్గా ఒక్కో లైనూ చదివాడు.

"ఆగు. ఇన్‌పుట్‌లో ఫేడర్ పేరుంది. మరి ఔట్‌పుట్‌లో?"

"నన్ అని ఉంది. ఏ పేరూ లేదు."

"అదీ సంగతి. ఫేడర్ మాట కంప్యూటర్‌కి చేరుతోంది, కంప్యూటర్ మాట ఫేడర్‌కి చేరట్లేదు. అక్కడ కూడా ఫేడర్ పేరే పెట్టు."

పెట్టాడు. మీట సర్రున పైకి లేచింది.

"లేచింది కదూ!" అన్నాడాయన, యోగానంద్ చెప్పకముందే.

శనివారం ఉదయం యోగానంద్ ఆయనకి మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి వీణ కూడా పక్కనే ఉంది.

"నువ్వు జరపకు బాబూ. అమ్మాయినే జరపమను. గొంతు ఎక్కడ తడబడిందో పాడినవాళ్లకే తెలుస్తుంది."

"నాకు ఇవేవీ రావంకుల్," అంది వీణ.

"పాడడం వచ్చు కదమ్మా, చాలు. పాదం చివరికొచ్చేటప్పుడు కొంచెం పైకి. తర్వాత నెమ్మదిగా దించు. నిద్రపోయిన పిల్లని ఒళ్లోంచి పక్క మీదికి దించినట్టు."

వీణ మీట మీద వేలు పెట్టింది. మొదటిసారి ఎక్కువైంది. రెండోసారి ఆలస్యమైంది. మూడోసారి వేలు గొంతు వెంటే నడిచింది.

మళ్లీ పాట పెట్టారు. ఎవరూ ముట్టకుండానే మీట మెల్లగా లేచి, దిగి, మళ్లీ లేచింది. ఏ పాదమూ మునగలేదు.

వీణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"రెండో చరణంలో ఆ వణుకు తీసెయ్యకమ్మా," అన్నాడాయన ఫోన్‌లో. "అదే బావుంది."

ఆదివారం కాకినాడ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, పాట సగంలోనే నిద్రపోయింది నీ కూతురు!"

ఆ వారంలో వీణ ఇంకో రెండు పాటలు పాడింది.

"మంచాయనే గానీ మహా మొండి," అన్నాడు యోగానంద్. "చెప్పిన మాట వినడు."

రెండు నెలల తర్వాత ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు, వీణ చేసిన కాజాలు తీసుకుని క్రాన్‌బర్న్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

ఆయన కూతురు స్నేహ తలుపు తీసింది.

"మీరేనా యోగానంద్? వీణగారి పాట నాన్న రోజూ పెట్టుకుంటారు. రండి, మిక్సింగ్‌లో ఉన్నారు. పాట అయ్యేదాకా ఎవరి మాటా వినరు."

గది గుమ్మం దగ్గర ఆగాడు. ఆయన వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. బల్ల మీద కీబోర్డు, ఫేడర్. మీట కదిలి ఆగిన ప్రతిసారీ ఆయన వేలితో తాకి, తల ఊపి, ఇంకో ట్రాక్‌కి వెళ్తున్నాడు.

"మానిటర్ రిపేర్‌కి ఇచ్చారా?" మెల్లగా అడిగాడు యోగానంద్.

"లేదండీ, ఎప్పుడూ కొనలేదు," అంది స్నేహ. "ఏ గొంతు ఎంత ఎత్తులో ఉందో ఆ మీట తాకి తెలుసుకుంటారు. నాన్నకి పుట్టుకతోనే చూపు లేదు."