మగ్గం గుంటలో చెప్పులు

జ్ఞానాంబ కొత్త రబ్బరు చెప్పులు తెచ్చి మగ్గం గుంటలో, భర్త కాళ్ళు ఆనించే చోట పెట్టింది.

మునిరామయ్య వాటిని తీసి వాకిట్లోకి విసిరేశాడు.

“మా నాయన మొక్కి దిగిన గుంట ఇది. దీంట్లోకి చెప్పులా? నగరిలో ఏ నేతగాడన్నా ఏసుకున్నాడా?”

“షుగరుకు నరాలు దెబ్బతిన్నాయి, ఇంట్లో కూడా ఒట్టికాళ్ళతో తిరగొద్దని చిత్తూరు డాక్టరు చెప్పినాడు గదా.”

“ఏడాదిగా అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండినాయి. ఇప్పుడు పది దినాలుగా మంటే లేదు. నేనే గెలిచినాను. మాత్రలు గూడా మానేసినాను.”

జ్ఞానాంబ కొంగుముడి విప్పి, నెత్తురు ఎండిన మేకు ఒకటి అతని చేతిలో పెట్టింది.

“పొద్దున నువ్వు కాఫీ తాగతా ఉంటే నీ మడమలోంచి పీకినాను. పసుపు గూడా అద్దినాను. నువ్వు తిరిగి సూడను గూడా సూడలేదు. మంట తగ్గలేదు, కాలు మొద్దుబారింది.”

అతను కాలు పైకి తిప్పి, పసుపు అంటిన మడమను వేలితో నొక్కి చూసుకున్నాడు.

ఆమె వాకిట్లోకి పోయి చెప్పులు తెచ్చింది. కుంకుమ భరిణె తెరిచి, ఒక్కో చెప్పుకూ బొట్టు పెట్టి, మళ్ళీ గుంటలో ఉంచింది.

“దసరాకు మగ్గం సామాన్లన్నిటికీ బొట్లు పెడతాం గదా. ఇవి గూడా మగ్గం సామాన్లే. మొక్కి దిగు.”