రెండున్నర అడుగుల కిటికీ

టక్!

మళ్లీ ఎవరిదో నుదురు కిటికీ చట్రానికి కొట్టుకుంది.

ఆఫీసు కౌంటరు లోపల గుమాస్తా తలెత్తలేదు. చూడక్కర్లేదు, ఆ ముసలాయనే.

"మళ్లీ వచ్చారా! వారం వారం నా ప్రాణం తీస్తున్నారు కదండీ!"

"అర్జీ బాబూ." ముసలాయన నడుం పట్టుకుని వంగి, కాగితం లోపలికి తోశాడు. "ఈ కిటికీని రెండడుగులు పైకి జరిపించండి. జనం నిలబడి మాట్లాడతారు."

గుమాస్తాకు ఒళ్లు మండింది. పన్నెండేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నాడు, ఒక్కడైనా తన మీద గొంతు పెంచలేదు. అదంతా తన పెద్దరికమే అని అతని నమ్మకం. ఇప్పుడీ కిటికీకి ఏమొచ్చిందట?

"గోడ కొట్టాలంటే అసలు ప్లాను జతచేయాలి. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ప్లాను ఇంట్లోనే ఉంది. కానీ..." ముసలాయన నీళ్లు నమిలాడు. "చూపించడానికి మొహం చెల్లడం లేదు."

"అయితే నా చేతుల్లోనూ ఏమీ లేదు. అయినా పోస్టులో పంపొచ్చుగా, ఈ వయసులో ఎందుకీ తిప్పలు?"

"లేదు బాబూ. నేను వంగే అడగాలి."

"చాదస్తం!" గుమాస్తా అర్జీని పక్కన పడేశాడు. అది పందొమ్మిదోది.

తర్వాతి వారం టక్కుమనలేదు. ఆ పై వారమూ అంతే. గుమాస్తాకు కుర్చీలో కుదురు లేదు. కిటికీలోకి వంగిన ప్రతి తలనూ తొంగి తొంగి చూశాడు.

మూడో వారం ఒకామె వంగింది.

"మా నాన్నగారు పోయారండీ. పోతూ పోతూ ఇది మీకిమ్మన్నారు."

చుట్టచుట్టిన ప్లాను.

"అయ్యయ్యో!" గుమాస్తా గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎదురుగా ఉత్త గోడ, ఆమె కనిపించలేదు. మళ్లీ కూలబడ్డాడు.

"మీరు వంగకండమ్మా. నేనే వస్తున్నా."

పన్నెండేళ్లలో మొదటిసారి తలుపు తీసుకుని క్యూలోకి వచ్చాడు. అందరూ చూస్తుండగా ప్లాను విప్పాడు. పసుపెక్కిన కాగితం. కిటికీ బొమ్మ పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది: 'ఎత్తు రెండున్నర అడుగులు. జనం వంగి అడగాలి.'

అతని మొహం కందిపోయింది. ఇన్నేళ్ల పెద్దరికమంతా ఈ ఒక్క ముక్క చలవేనా?

"ఏ దుర్మార్గుడు గీశాడిది?" అనేశాడు పైకే.

ఆమె తల దించుకుంది.

ప్లాను కింది మూలన ఉన్న సంతకం, పందొమ్మిది అర్జీల మీద ఉన్నదే.